మెగా చేస్తే బలమా, నష్టమా? గార్చాంప్‌ని ముందు పెట్టుకుని లెక్క తేల్చుకునే పద్ధతి

మాది పర్లాకిమిడి. సంక్రాంతికి పాతపట్నం నుంచి మా బావ వచ్చాడు. సాయంత్రం కరెంటు పోయింది, చేసేదేం లేక ఇద్దరం అరుగు మీద కూర్చుని ఫోన్లలో పోకెమాన్ షోడౌన్ (పోకెమాన్ యుద్ధాలు ఆన్‌లైన్‌లో ఆడుకునే సైటు) తెరిచి జెనరేషన్ 6 (ఆరో తరం గేముల నియమాలు) సింగిల్స్ (ఒకదానితో ఒకటి తలపడే పద్ధతి) ఒక మ్యాచ్ పెట్టుకున్నాం, లెవెల్ 50, ఆరింట్లో మూడు ఎంచుకునే పద్ధతి. చివరికి నా దగ్గర మిగిలింది ఒక్క గార్చాంప్. అంతకుముందు టర్న్‌లోనే దాన్ని మెగా చేసి ఉన్నాను (అంటే పట్టించిన రాయితో యుద్ధం మధ్యలో బలమైన రూపంలోకి మార్చడం), చేతుల్లో కొడవళ్లు, చూడ్డానికి భలే ఉంటుంది. బావ దగ్గర మిగిలింది మెగా కంగస్కాన్, అదీ సగం ప్రాణంతో. ఒక్క ఎర్త్‌క్వేక్ (నేల దాడి) పడితే పోతుంది. గార్చాంప్ స్పీడ్ కంగస్కాన్ కంటే ఎక్కువ అని నాకు కంఠతా వచ్చు కాబట్టి ధీమాగా నొక్కాను.

కంగస్కాన్ ముందు కదిలింది. ఐస్ పంచ్. గార్చాంప్‌కి మంచు నాలుగింతలు తగులుతుంది, పైగా కంగస్కాన్‌కి తల్లి ఒక దెబ్బ, పిల్ల ఒక దెబ్బ. అయిపోయింది.

"ఏరా, మెగా ఎందుకు చేశావు?" అన్నాడు బావ అరిసె నములుతూ. "బలం వస్తాది కదా బావా" అన్నాను. "బలం వచ్చింది, స్పీడు పోయింది, అది చూసుకోలేదేటి?"

చూసుకోలేదు. రాయి ఉంటే పట్టించాలి, బటన్ వెలిగితే నొక్కాలి అన్నట్టే ఆడుతున్నాను అప్పటిదాకా. ఆ రాత్రి కూర్చుని అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాక అర్థమైంది ఏంటంటే, మెగా అనేది ఊరికే ఇచ్చే బహుమతి కాదు, అదొక మార్పిడి. 100 పాయింట్లు ఇస్తుంది, బదులుగా ఐటెమ్ (పోకెమాన్ పట్టుకునే వస్తువు) తీసుకుంటుంది, ఎబిలిటీ (దానికున్న ప్రత్యేక గుణం) తీసుకుంటుంది, కొన్నిసార్లు టైపూ స్పీడూ కూడా తీసుకుంటుంది, పైగా మ్యాచ్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మెగా అవకాశాన్ని వాడేసుకుంటుంది. ఇచ్చింది ఎక్కువో తీసుకున్నది ఎక్కువో ఎలా తూచాలో మెట్టు మెట్టుగా చెప్తాను. ఉదాహరణకి గార్చాంప్‌నే ఎక్కువగా వాడతాను, దీని మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

ముందే ఒక మాట. ఈ లెక్కలు మెగాలు మొదలైన ఎక్స్, వై గేములు (2013), ఆ తర్వాతి ఒమేగా రూబీ, ఆల్ఫా సఫైర్ (2014), సన్, మూన్ (2016) కాలానికి చెందినవి. 2019లో స్వోర్డ్, షీల్డ్ వచ్చినప్పుడు మెగాలు తీసేశారు. ఈ లెక్కలతో టర్న్‌ల వారీగా ఆడాలంటే షోడౌన్‌లో పాత జెనరేషన్లు, లేదా నేషనల్ డెక్స్ (అన్ని తరాల పోకెమాన్‌నీ, మెగాలనీ కలిపి ఆడించే పద్ధతి) ఉన్నాయి. 2025 అక్టోబరులో వచ్చిన లెజెండ్స్ జెడ్-ఏలో మెగాలు తిరిగొచ్చాయి గానీ అక్కడ యుద్ధం టర్న్‌లతో నడవదు, కాబట్టి ఇందులో చెప్పేది అక్కడ నేరుగా అతకదు.

మొదటి మెట్టు: రెండు రూపాల అంకెలు పక్కపక్కన రాయండి

మామూలు గార్చాంప్ బేస్ స్టాట్స్ (ఆ జాతి మొత్తానికి ఉండే మూల అంకెలు): హెచ్‌పీ (ప్రాణం) 108, అటాక్ 130, డిఫెన్స్ 95, స్పెషల్ అటాక్ 80, స్పెషల్ డిఫెన్స్ 85, స్పీడ్ 102. మొత్తం 600.

మెగా గార్చాంప్: హెచ్‌పీ అదే 108 (మెగా వల్ల హెచ్‌పీ ఎప్పుడూ మారదు), అటాక్ 170, డిఫెన్స్ 115, స్పెషల్ అటాక్ 120, స్పెషల్ డిఫెన్స్ 95, స్పీడ్ 92. మొత్తం 700.

చాలామంది ఆ 600, 700 చూసి ఆగిపోతారు. ఆగకండి. పెరిగింది నిజానికి 110, తగ్గింది 10. ఆ 110లో 40 వెళ్లింది స్పెషల్ అటాక్‌లోకి. మీ గార్చాంప్ ఎర్త్‌క్వేక్, డ్రాగన్ క్లా, స్వోర్డ్స్ డాన్స్ లాంటివి (అటాక్ అంకె మీద నడిచేవి, దాన్ని పెంచేవి) మాత్రమే వాడేదైతే ఆ 40 బీరువాలో పెట్టి తాళం వేసిన డబ్బు, మీ చేతికి రాదు. మిగిలింది అటాక్ 40, డిఫెన్స్‌లు రెండూ కలిపి 30. వీటి కోసం 10 స్పీడ్ ఇస్తున్నారు. 10 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది, అది చిన్నదో కాదో నాలుగో మెట్టులో తెలుస్తుంది.

కాబట్టి మొదట చేయాల్సింది ఇదే, పెరిగిన వాటిలో మీ మూవ్‌లకి పనికొచ్చేవి ఏవో గీత గీసి, పనికిరానివి కొట్టేయండి. మొత్తం అనే అంకెని అసలు పట్టించుకోవద్దు.

రెండో మెట్టు: బేస్ అంకెని అసలు అంకెగా మార్చండి

బేస్ స్టాట్‌తో వాదించుకుంటే గంటలు గడుస్తాయి గానీ తేలదు. లెవెల్ 50లో అసలు అంకె తీయడం పెద్ద పనేం కాదు, ఫోన్ కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. బేస్‌ని రెట్టింపు చేయండి, దానికి 31 కలపండి (ఐవీ, అంటే పుట్టుకతో వచ్చే అదనపు అంకె, పూర్తిగా ఉందనుకుని), పూర్తి 252 ఈవీలు (శిక్షణతో చేర్చే పాయింట్లు) పెడితే ఇంకో 63 కలపండి, సగం చేయండి, భిన్నం వస్తే వదిలేయండి, 5 కలపండి. నేచర్ (పోకెమాన్ స్వభావం) ఆ స్టాట్‌ని పెంచేదైతే పదో వంతు కలిపి మళ్లీ భిన్నం వదిలేయండి. హెచ్‌పీకి మాత్రం 5 బదులు 60 కలపాలి, నేచర్ లెక్క ఉండదు.

జాలీ నేచర్ (స్పీడ్ పెంచేది), అటాక్, స్పీడ్ రెండిట్లోనూ 252 పెట్టిన గార్చాంప్ తీసుకుందాం. స్పీడ్: 204కి 94 కలిపితే 298, సగం 149, 5 కలిపితే 154, పదో వంతు కలిపితే 169. మెగా స్పీడ్ ఇలాగే చేస్తే 158. అటాక్ మామూలుకి 182, మెగాకి 222.

ఈ నాలుగు అంకెలు, 169, 158, 182, 222, ఎక్కడైనా రాసి పెట్టుకోండి. మిగతా కథంతా వీటి మీదే.

మూడో మెట్టు: మెగా రాయి స్థానంలో ఏ ఐటెమ్ ఉండేదో దాన్ని తూచండి

అసలు మోసం ఇక్కడే జరుగుతుంది. మెగా గార్చాంప్‌ని ఏ ఐటెమూ లేని గార్చాంప్‌తో పోలుస్తాం మనం. ఐటెమ్ లేకుండా గార్చాంప్‌ని ఎవరు ఆడతారు చెప్పండి? పోల్చాల్సింది మంచి ఐటెమ్ పట్టుకున్న మామూలు గార్చాంప్‌తో.

చాయిస్ బ్యాండ్ పట్టిస్తే అటాక్ ఒకటిన్నర రెట్లు: 182 కాస్తా 273 అవుతుంది. మెగా అటాక్ 222. అంటే రాయి లేని గార్చాంపే గట్టిగా కొడుతుంది, పైగా స్పీడ్ 169 చెక్కుచెదరదు. ఒకే మూవ్‌కి కట్టుబడిపోతుందనేది దాని లోపం, నిజమే. సరే, ఆ లోపం వద్దనుకుంటే లైఫ్ ఆర్బ్ చూడండి. దెబ్బ 1.3 రెట్లు, అంటే 182 ఉన్నది సుమారు 236లా పనిచేస్తుంది, ఇదీ 222 కంటే ఎక్కువే. మూవ్ ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు, కొట్టిన ప్రతిసారీ హెచ్‌పీలో పదో వంతు పోతుంది, అంతే. స్పీడ్ కావాలంటే చాయిస్ స్కార్ఫ్: 169 కాస్తా 253, మెగా అలకజామ్ గరిష్ఠ స్పీడ్ 222 కాబట్టి దాన్ని కూడా దాటేస్తుంది. ప్రత్యేక దాడుల భయం ఉంటే అసాల్ట్ వెస్ట్: ఈవీలు లేని గార్చాంప్ స్పెషల్ డిఫెన్స్ 105 నుంచి 157కి వెళ్తుంది, మెగాలో అది 115 మాత్రమే.

అంటే మెగా ఏ పని చేస్తుందని మనం మురిసిపోతున్నామో, దాదాపు ప్రతి పనినీ ఏదో ఒక మామూలు ఐటెమ్ ఇంకా బాగా చేస్తుంది. మెగా అన్నిట్లోనూ కొంచెం కొంచెం ఇస్తుంది. ఆ కొంచెం కొంచెం ఎవరికి సరిపోతుందో తర్వాత చెప్తాను.

లాటియోస్‌కీ ఇదే జబ్బు. స్పెషల్ అటాక్ బేస్ 130, మెగాలో 160. టిమిడ్ నేచర్‌తో అసలు అంకెలు 182, 212. లైఫ్ ఆర్బ్ పట్టిన మామూలు లాటియోస్ దెబ్బ మళ్లీ 236 లెక్కన పడుతుంది. స్పీడ్ రెండిట్లోనూ ఒకటే 110, లెవిటేట్ (నేల దాడులు తగలకుండా చేసే ఎబిలిటీ) రెండిట్లోనూ ఉంది, కాబట్టి మెగా వల్ల అసలు లాభం కాస్త గట్టిదనం, ఆర్బ్ దెబ్బ తగలకపోవడం. చెడ్డదనను, కానీ ఒక మ్యాచ్‌కి ఒక్కటే మెగా అయినప్పుడు దీని మీద ఖర్చుపెట్టాలా అన్నది ఆలోచించుకోవాలి.

సైజర్ సంగతి వేరు. అడమెంట్ సైజర్ అటాక్ 200, బ్యాండ్‌తో 300, మెగాకి 222. అంకెలు చూస్తే మెగా ఓడిపోయినట్టే ఉంటుంది గానీ మెగా సైజర్ డిఫెన్స్ 100 నుంచి 140కి, స్పెషల్ డిఫెన్స్ 80 నుంచి 100కి పెరుగుతాయి, టెక్నీషియన్ (చిన్న మూవ్‌ల దెబ్బ పెంచే ఎబిలిటీ) అలాగే ఉంటుంది, స్వోర్డ్స్ డాన్స్ వేసుకుంటూ రూస్ట్‌తో కోలుకుంటూ ఎంతసేపైనా నిలబడుతుంది. ఇది దిగజారడం కాదు, ఉద్యోగం మారడం. ఈ రెండిటికీ తేడా గుర్తుపట్టకపోతే ఈ లెక్కలన్నీ వృథా.

నాలుగో మెట్టు: పోయిన స్పీడ్ మధ్యలో ఎవరెవరు నిలబడ్డారో చూడండి

102 నుంచి 92కి దిగడం, అంకెలుగా 169 నుంచి 158కి. 11 తేడా. ఆ 11 మధ్యలో ఎవరూ లేకపోతే దిగినా ఫరవాలేదు. కానీ గార్చాంప్ దురదృష్టం, పోకెమాన్‌లో బేస్ స్పీడ్ 100 అంటే మా ఊరి బస్టాండు లాంటిది, అందరూ అక్కడే ఉంటారు. సలమెన్స్, చారిజార్డ్, దాని రెండు మెగాలు, జాప్‌డోస్, వొల్కరోనా, విక్టినీ, జిరాచీ, మ్యూ, మెగా గార్డెవాయిర్, మెగా మెడిచామ్, ఇంకా మా బావ ముద్దుల కంగస్కాన్ (మెగా కాకముందు 90, అయ్యాక 100). బేస్ 100 గరిష్ఠ స్పీడ్ 167. మామూలు గార్చాంప్ 169తో వీళ్లందరినీ సరిగ్గా రెండు పాయింట్ల తేడాతో దాటుతుంది. గార్చాంప్ స్పీడ్ 102 అంటే ఎందుకంత గొప్పగా చెప్తారో ఇదే కారణం. మెగా చేయగానే ఈ గుంపంతా మన ముందుకి వచ్చేస్తుంది. హైడ్రైగన్ బేస్ 98, గరిష్ఠం 165, అదీ ముందుకి వస్తుంది. ల్యాండోరస్ థీరియన్ రూపం బేస్ 91, గరిష్ఠం 157, దాన్ని మాత్రం ఒక్క పాయింటుతో ఇంకా దాటుతాం, పోనీలే.

మా ఊరి బజారు సందుల్లో బుల్లెట్ బండి వేసుకుని వెళ్లేవాడిని చూశారా? ఇంజను పెద్దదే, ముందు మాత్రం స్కూటీ పిల్ల దూరిపోతుంది. వీడు కూరగాయల బండి పక్కన కాలు నేల మీద ఆన్చి హారన్ కొడుతూ ఉంటాడు.

చేయాల్సిన పని: మీరు ఆడే ఫార్మాట్‌లో తరచూ ఎదురయ్యే పది పదిహేను పోకెమాన్ పేర్లు రాయండి, పక్కన వాటి బేస్ స్పీడ్ రాయండి, మీ రెండు అంకెల మధ్య పడేవాటికి చుట్టూ గుండ్రం గీయండి. గుండ్రాల్లో మీకు ప్రమాదకరమైనవి రెండు మూడు ఉన్నాయంటే మెగా చేసే ముందు రెండుసార్లు ఆలోచించండి. స్పీడ్ పెరిగే మెగాలకి ఈ పని తిప్పి చేయాలి, కొత్తగా ఎవర్ని దాటుతున్నామో చూడాలి.

గట్టిదనం పెరిగింది కదా, దెబ్బ తిని నిలబడుతుంది కదా అంటారు కొందరు. ఈవీలు లేకుండా డిఫెన్స్ 115 నుంచి 135కి వెళ్తుంది, అంటే దెబ్బ సుమారు 15 శాతం తగ్గుతుంది. స్పెషల్ వైపు 9 శాతం తగ్గితే గొప్ప. డ్రాగన్, గ్రౌండ్ టైపులు మారవు కాబట్టి మంచు ఇంకా నాలుగింతలే. నాలుగింతల దెబ్బలో 15 శాతం తగ్గితే ఏమవుతుందో మా అరుగు మీద చూశాం.

ఐదో మెట్టు: ఎబిలిటీ, టైప్ ఏం పోతున్నాయి

గార్చాంప్ మంచి ఎబిలిటీ రఫ్ స్కిన్, తాకి కొట్టినవాడి హెచ్‌పీలో ఎనిమిదో వంతు పోతుంది. మెగా చేయగానే అది పోయి శాండ్ ఫోర్స్ వస్తుంది, ఇసుక తుఫాను ఉన్నప్పుడు గ్రౌండ్, రాక్, స్టీల్ మూవ్‌లు 1.3 రెట్లు అవుతాయి. తుఫాను లేకపోతే? ఏమీ లేదు. ఎబిలిటీ లేని పోకెమాన్‌తో సమానం.

ఇలా ఎబిలిటీ దగ్గర దెబ్బతినేవి ఇంకా ఉన్నాయి. స్లోబ్రో రిజెనరేటర్ అంటే యుద్ధం నుంచి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ మూడో వంతు ప్రాణం ఉచితంగా తిరిగొస్తుంది. మెగా స్లోబ్రోకి డిఫెన్స్ 180, కానీ రిజెనరేటర్ పోయి షెల్ ఆర్మర్ వస్తుంది, క్రిటికల్ దెబ్బలు తగలవు. నిలబడి కామ్ మైండ్ (స్పెషల్ అంకెలు పెంచే మూవ్) వేసుకుంటూ ఉండేవాళ్లకి మంచిదే. వచ్చి పోయే ఆటగాడికి మాత్రం నష్టం. ఆడినో ఇంకా పాపం, దానికీ రిజెనరేటర్ ఉండొచ్చు, మెగా అయితే హీలర్ వస్తుంది. డబుల్స్‌లో పక్కవాడి జబ్బు ఒక్కోసారి నయం చేస్తుందంట. సింగిల్స్‌లో పక్కవాడే ఉండడు.

అలకజామ్ దగ్గర నాకు ఇప్పటికీ తేలదు. మ్యాజిక్ గార్డ్ ఉన్న మామూలు అలకజామ్‌కి నేరుగా కొట్టిన దెబ్బ తప్ప వేరే నష్టం ఏదీ తగలదు, కాబట్టి ఫోకస్ శాష్ పట్టిస్తే స్టెల్త్ రాక్ (దిగగానే గుచ్చుకునే రాళ్లు) ఉన్నా, తుఫాను వీచినా శాష్ చెడదు, ఒక దెబ్బ తట్టుకోవడం ఖాయం. మెగా చేస్తే స్పీడ్ 120 నుంచి 150కి, స్పెషల్ అటాక్ 135 నుంచి 175కి ఎగబాకుతాయి గానీ మ్యాజిక్ గార్డ్ పోయి ఎదుటివాడి ఎబిలిటీని కాపీ కొట్టే ట్రేస్ వస్తుంది, శాష్ ఉండదు. నేనైతే జట్టులో వేరే మెగా లేకపోతేనే రాయి ఇస్తాను.

టైప్ మారేదానికి గయరడాస్ మంచి ఉదాహరణ. వాటర్, ఫ్లయింగ్ కాస్తా వాటర్, డార్క్ అవుతుంది. కరెంటు దెబ్బ నాలుగింతల నుంచి రెండింతలకి తగ్గుతుంది, రాక్ బలహీనత పోతుంది. బదులుగా నేల దాడులు తగలడం మొదలవుతుంది, గడ్డి, ఫైటింగ్, పురుగు, ఫెయిరీ అన్నీ రెండింతలు తగులుతాయి, ఇంటిమిడేట్ (ఎదుటివాడి అటాక్ తగ్గించే ఎబిలిటీ) కూడా పోతుంది. అయినా వాడతారు, ఎందుకంటే కొత్తగా వచ్చే మోల్డ్ బ్రేకర్‌తో (ఎదుటివాడి అడ్డు ఎబిలిటీని లెక్కచేయదు) లెవిటేట్ ఉన్న రోటమ్ వాష్‌ని కూడా ఎర్త్‌క్వేక్‌తో కొట్టొచ్చు.

మైనస్ గుర్తులు లెక్కపెట్టి తీర్పు చెప్పేయొద్దని గెంగార్ నేర్పుతుంది. జెనరేషన్ 6లో మెగా గెంగార్ లెవిటేట్ పోగొట్టుకుంటుంది, నేల దాడి తగలడం మొదలవుతుంది. కాగితం మీద పెద్ద నష్టం. కానీ దాని బదులు వచ్చేది షాడో ట్యాగ్, ఎదుటివాడు పారిపోవడానికి వీల్లేకుండా బంధిస్తుంది, స్పీడ్ 130, స్పెషల్ అటాక్ 170. స్మోగన్ (షోడౌన్ పోటీ నియమాలు పెట్టే అభిమానుల బృందం) వాళ్లు దాన్ని ఓయూ (వాళ్ల ప్రధాన పోటీ విభాగం) నుంచి బహిష్కరించాల్సి వచ్చింది.

స్కార్లెట్, వయొలెట్ (2022) ఆడేవాళ్లు నవ్వుకోవద్దు, టెరాకీ (ఆ గేముల్లో పోకెమాన్ టైప్ మార్చే పద్ధతి) ఇదే పరీక్ష. గార్చాంప్‌ని స్టీల్ టెరా చేస్తే మంచు భయం పోతుంది, నిజమే, దాంతోపాటు గ్రౌండ్ టైప్ వల్ల కరెంటు తగలకుండా ఉన్న రక్ష కూడా పోతుంది.

ఆరో మెట్టు: జట్టులో ఇంకెవరికి మెగా ఎక్కువ అవసరం?

మ్యాచ్‌కి ఒక్కసారే. ఇద్దరికి రాళ్లు పట్టిస్తే, ఒకరు మెగా అయ్యాక రెండోవాడు పనికిరాని రాయి మోసుకుంటూ తిరుగుతాడు. కంగస్కాన్, పిన్సిర్, మావైల్ లాంటివాళ్లు రాయి లేకపోతే సగం మనుషులే, వాళ్ల దగ్గర మెగా పెడితే దక్కే లాభం చాలా పెద్దది. గార్చాంప్ రాయి లేకుండానే మొనగాడు. అందుకే రాయి అవసరం ఉన్నవాడికే ఇవ్వండి. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచిన సేజున్ పార్క్ జట్టులో గార్చాంప్ ఉంది, పచిరిసు ఉంది (అందరికీ గుర్తుండేది అదే), కానీ మెగా అయ్యేది గయరడాస్.

ఏడో మెట్టు: రాయి ఉన్నా బటన్ ఎప్పుడు నొక్కాలి

రాయి పట్టిస్తే మొదటి టర్న్‌లోనే నొక్కాలని ఎక్కడా రాసి లేదు. గయరడాస్‌ని ముందు మామూలుగా దింపి ఇంటిమిడేట్‌తో ఎదుటివాళ్ల అటాక్ తగ్గించి, నేల దాడిని ఫ్లయింగ్ టైప్‌తో తప్పించుకుని, ఆ తర్వాత తీరిగ్గా మెగా చేయొచ్చు. స్లోబ్రోతో రిజెనరేటర్ రెండు మూడుసార్లు వాడుకుని ఆట చివర్లో నొక్కొచ్చు.

గార్చాంప్‌కి ఇంకో మెలిక ఉంది. జెనరేషన్ 6లో మెగా చేసిన టర్న్‌లో ఎవరు ముందు అన్నది పాత స్పీడ్‌తోనే తేలుతుంది, అంటే ఆ ఒక్క టర్న్‌లో గార్చాంప్‌కి 169 స్పీడూ 222 అటాకూ రెండూ దక్కుతాయి. తర్వాతి టర్న్ నుంచి 158. సన్, మూన్‌తో ఈ నియమం మారింది, నొక్కిన టర్న్ నుంచే కొత్త స్పీడ్ లెక్క. స్పీడ్ పెరిగే మెగాలకి అది వరం, గార్చాంప్‌కి మాత్రం ఉన్న ఒక్క ఊరట కూడా పోయింది. మీరు ఏ జెనరేషన్ ఆడుతున్నారో చూసుకుని నొక్కండి. నేను జెనరేషన్ 6లో ఉండి కూడా ఒక టర్న్ ముందు అనవసరంగా నొక్కాను, ఆగి ఉంటే ఆ మ్యాచ్ నాదే. (స్పీడ్‌తో పనిలేకుండా ముందు తగిలే సక్కర్ పంచ్ ఉంటే వేరే కథ, బావ దగ్గర ఆ మూవ్ లేదని తర్వాత ఫోన్ లాక్కుని చూశాను.)

మరి మెగా గార్చాంప్ ఎప్పుడు సరైనది?

అన్యాయంగా మాట్లాడకూడదు. టైరానిటార్ గానీ హిపౌడన్ గానీ జట్టులో ఉండి ఇసుక తుఫాను లేపితే, 222 మీద శాండ్ ఫోర్స్ 1.3 రెట్లు పడి ఎర్త్‌క్వేక్ 288 అటాక్‌తో కొట్టినట్టు తగులుతుంది. బ్యాండ్ 273 కంటే ఎక్కువ, మూవ్‌కి కట్టుబడే బాధ లేదు, హెచ్‌పీ ఖర్చు లేదు, పైగా స్వోర్డ్స్ డాన్స్ కూడా వేసుకోవచ్చు. మెగా రాయిని నాక్ ఆఫ్ ఊడగొట్టలేదు, ట్రిక్‌తో మార్చలేరు, అదొక అదనపు లాభం.

రెండోది మిక్స్‌డ్ ఆట, అంటే అటాక్ మూవ్‌లూ స్పెషల్ అటాక్ మూవ్‌లూ కలిపి ఆడటం. మొదటి మెట్టులో కొట్టేసిన ఆ 40 గుర్తుందా? ఇక్కడ తాళం తీయొచ్చు. ఈవీలు లేకపోయినా (జాలీలా స్పెషల్ అటాక్ తగ్గించే నేచర్ కాకపోతే) స్పెషల్ అటాక్ 100 నుంచి 140కి వెళ్తుంది, డ్రాకో మీటియర్, ఫైర్ బ్లాస్ట్ పెట్టుకుంటే ఇంటిమిడేట్ వేసి గార్చాంప్‌ని ఆపేద్దామని వచ్చే ల్యాండోరస్‌కి, ఎర్త్‌క్వేక్ తగలదని ధీమాగా దిగే స్కార్మరీకి మంచి గుణపాఠం. ఈ పనిలో మెగా గార్చాంప్ నెమ్మదైన, మందపాటి గోడల్లాంటి జట్ల మీద బాగుంటుంది, వాళ్ల ముందు స్పీడ్ 158 అయినా 169 అయినా ఒకటే.

స్పీడ్ తగ్గడమే వరమయ్యే వాళ్లు కూడా ఉన్నారు. కామెరప్ట్ 40 నుంచి 20కి, అబోమాస్నో 60 నుంచి 30కి దిగుతాయి. ట్రిక్ రూమ్‌లో నెమ్మదైనవాడిదే మొదటి దెబ్బ కాబట్టి వాళ్లకి ఇది తగ్గడం కాదు, ఎక్కడం.

ఎనిమిదో మెట్టు: ఆడి చూడండి, రాసుకోండి

షోడౌన్‌లో ఒకే జట్టుని రెండు కాపీలు చేయండి. తేడా గార్చాంప్ ఐటెమ్ ఒక్కటే ఉండాలి, ఒకదానిలో గార్చాంపైట్ (గార్చాంప్ మెగా రాయి), ఇంకోదానిలో మీరు ఎంచిన ఐటెమ్. మూవ్‌లు, ఈవీలు కదపొద్దు, కదిపితే ఏది దేనివల్ల జరిగిందో తెలీదు. చెరో పదిహేను మ్యాచ్‌లు ఆడండి. గెలుపు ఓటములు రాయడం కంటే గార్చాంప్ ఎలా చచ్చింది అన్నది రాయండి, ఒక్క ముక్కలో. నా నోట్‌బుక్‌లో మెగా పేజీ నిండా ఒకటే మాట: "లేటు". "లేటు", "లేటు", మధ్యలో ఒకచోట "మంచు, లేటు". రెండో పేజీలో కారణాలు రకరకాలుగా ఉన్నాయి, వాటిలో సగం నా సొంత తెలివితక్కువ.

దెబ్బల లెక్కకి షోడౌన్ డ్యామేజ్ కాలిక్యులేటర్ ఉంది, రెండు రూపాలనీ అందులో మార్చి చూడండి. చూసేటప్పుడు ఒకటే ప్రశ్న: రాయి లేకపోతే చావని వాడు ఎవరైనా రాయి ఉంటే చస్తున్నాడా? అలాంటి పేరు ఒక్కటి కూడా దొరకకపోతే ఆ 40 అటాక్ మీకు అలంకారమే.

పోతే, ఆ లెక్కలన్నీ అయ్యాక నేను రాయి తీసేసి రాకీ హెల్మెట్ (తాకి కొట్టినవాడి ప్రాణం తగ్గించే ఐటెమ్) పట్టించాను. స్పీడ్ 169, రఫ్ స్కిన్ అలాగే. రెండు వారాల తర్వాత పాతపట్నంలో మావయ్య ఇంట్లో బావతో మళ్లీ ఆడాను. మొదట్లోనే తను కంగస్కాన్ దింపి మెగా చేసి ఫేక్ ఔట్ కొట్టాడు. ఫేక్ ఔట్ అంటే తాకే దెబ్బ. తల్లి తాకింది: రఫ్ స్కిన్‌కి ఎనిమిదో వంతు, హెల్మెట్‌కి ఆరో వంతు, 181 హెచ్‌పీలో 22, 30, కలిపి 52. పిల్ల కూడా తాకింది కదా, ఇంకో 52. నేను వేలు కూడా కదపకుండా 104 పోయి 77 మిగిలింది. తర్వాతి టర్న్‌లో 169 ముందు, 167 వెనక. ఐటెమ్ బలం ఏమీ లేని ఉత్త ఎర్త్‌క్వేక్ కూడా ఆ కంగస్కాన్‌కి తక్కువలో తక్కువ 85 తీస్తుంది.

బావ ఫోన్ మంచం మీద పెట్టి నా వైపు చూశాడు. "మెగా చెయ్యవేటిరా?" అన్నాడు.

"రాయి లేదు బావా" అన్నాను.